అన్నీ ఎడమ చేతులే

నేను పెళ్లై కలకత్తా దగ్గర లిలువా రైల్వే క్వార్టర్స్‌కు వచ్చిన కొత్తలో, ఒక సాయంత్రం మా అత్తగారు మా ఆయనతో "ఈ గుంటకి కుట్టు నేర్పాల" అన్నారు. నేను పొయ్యి దగ్గర నుంచి తల తిప్పి వాకిలి వైపు చూశాను. అక్కడ గుంట ఏదీ లేదు. మాది గుంటూరు వైపు. మా దగ్గర గుంట అంటే గొయ్యి. గోతికి కుట్టు నేర్పడం ఏమిటో అర్థం కాలేదు. అడిగితే ఏమనుకుంటారోనని ఊరుకున్నాను. శ్రీకాకుళం వైపు గుంట అంటే ఆడపిల్ల అనీ, ఆ గుంటను నేనేననీ మా ఆయన నవ్వుతూ తర్వాత చెప్పారు.

అది అరవైల నాటి మాట. మా మామగారు అప్పటికే పోయారు. ఆయన చేసిన వర్క్‌షాపులోనే మా ఆయన ఫిట్టర్‌గా చేరారు. ఇంట్లో మేం ముగ్గురమే. అత్తగారు పుట్టింది టెక్కలి దగ్గర, బతుకంతా గడిచింది కలకత్తా చుట్టుపక్కల. తన యాసలో బెంగాలీ, హిందీ మాటలు కలిపి మాట్లాడేవారు. ఏ మాట ఏ భాషదో ఆవిడకు పట్టింపు లేదు. ఆ పట్టింపంతా నాకే మిగిలింది.

ఆవిడ బొంతలు కుట్టేవారు. చలికాలానికి ఇంట్లోకి, చర్చిలో ఎవరికైనా బిడ్డ పుడితే వాళ్లకి, ఎవరైనా మంచాన పడితే వాళ్లకి. కొత్త బట్ట కొని కుట్టడం మాత్రం ఎన్నడూ లేదు. మొదటిసారి నా చేతికి ఒక పాత చీర ఇచ్చి, "దీని పాడు తీసి దాసు" అన్నారు. పాడు తీయమన్నారు కదా అని నేను చీర మధ్యలో చిరిగి పాడైన భాగమంతా శుభ్రంగా కత్తిరించి మడత పెట్టి దాచాను. మిగిలిన అంచులు అంట్లు తోమే మనిషికి ఇచ్చేశాను.

అత్తగారు ఆ మడత విప్పి చూశారు. "ఇదేటి?"

"పాడు, అత్తయ్యా."

ఆవిడ మెల్లగా మంచం మీద కూర్చున్నారు. బెంగాలీలో పాడ్ అంటే చీర అంచు. అంచులోంచి రంగు దారాలు ఒక్కొక్కటీ లాగి, ఖాళీ అగ్గిపెట్టెకు చుట్టి, ఆ దారంతో బొంత కుడతారు. దారపు ఉండ కొనే పని ఉండదు. బెంగాలీ ఆడవాళ్ల దగ్గర నేర్చుకున్న విద్య అది. నేను విద్యను దాచమంటే చిరుగును దాచాను. ఆవిడ కోప్పడలేదు. కోప్పడితే కొంచెం తేలిగ్గా ఉండేదేమో.

ఆ తర్వాత పాఠాలు మొదలయ్యాయి. అంచులోంచి తీసిన దారం పీచులు లేస్తుంది కాబట్టి దాన్ని కొవ్వొత్తి ముక్క మీద ఒకసారి లాగాలి. అందుకని క్రిస్మస్ ఆరాధన అయ్యాక చర్చిలో మిగిలిన కొవ్వొత్తి మొదళ్లు పాస్టరుగారిని అడిగి తెచ్చేవారు. సూదులు గుచ్చే దిండులో దూది పెట్టరు, దువ్వెనలో ఊడిన జుట్టు కుక్కుతారు. జుట్టులో నూనె ఉంటుంది, కలకత్తా తేమకు సూది తుప్పు పట్టదు. గీత గీయడానికి సుద్ద కొనక్కర్లేదు, అరిగిపోయిన సబ్బు బిళ్ల చాలు. జారిపోయే బట్టను గంజిలో ముంచి ఆరబెడితే చెప్పినట్టు వింటుంది. రంగు దిగే ముక్కల్ని ముందే ఉప్పునీళ్లలో నానబెట్టాలి, లేకపోతే ఒక్క ఎర్ర ముక్క బొంతనంతా ఎర్రగా చేస్తుంది.

ఇవన్నీ అర్థమయ్యాయి. ఆవిడ లెక్కే అర్థం కాలేదు. సూది కొనేటప్పుడు కొట్టువాడు విసుగెత్తేదాకా బేరం చేసేవారు. అదే కొట్టు బయట కూర్చుని బొత్తాలు అమ్మే ముసలామెతో ఒక్క మాటా బేరం లేదు. వర్క్‌షాపులో చేతులు తుడుచుకునే నూలు పీచు కొంత, లోపల పొరకు బాగుంటుందని మా ఆయన ఒకసారి తెచ్చారు. "అది కంపెనీ సొమ్ము. పట్టుకెల్లి అక్కడే పడీ" అని అప్పటికప్పుడు వెనక్కి పంపారు. ఆ పీచు ఎలాగూ పారేసేదే. పారేసేది తెచ్చుకోవడం తప్పెలా అయిందో, వీధిలో ఎగిరొచ్చిన గుడ్డ ముక్కను తీసి ఉతికి దాచుకోవడం ఒప్పెలా అయిందో నాకు తేలేది కాదు.

నాకు మూడో నెల వచ్చినప్పుడు, దుర్గా పూజకు ఇంకా కొంత వ్యవధి ఉందనగా, అత్తగారు "మెటియాబ్రుజ్ ఎల్దాం రా" అన్నారు. అక్కడ ఇంటింటా దర్జీ పనే. పూజ కోసం పిల్లల గౌన్లు, చొక్కాలు కుట్టి పెద్ద బజార్లకు పంపుతారు. కత్తిరించగా మిగిలిన పీలికలు గోనెసంచుల్లో కుక్కి తూకానికి అమ్ముతారు. అంచు దారం, పాత చీరలు ఇంట్లో ఉన్నాయి, బొంత పైపొరకు రంగులు కావాలి. కొత్త బట్ట ధరతో పోలిస్తే పీలికల ధర ఏమీ కాదు.

లిలువాలో లోకల్ ఎక్కి హౌరాలో దిగి, అక్కడ బస్సు పట్టుకుని బొటానికల్ గార్డెన్ దాకా వెళ్లి, పడవలో నది దాటాం. అవతల ఒడ్డున అడుగు పెట్టిన దగ్గర నుంచి నాకు దిక్కు తెలియలేదు. సందులో సందు, ప్రతి గుమ్మంలోంచీ ఒకే రకం కుట్టు మిషన్ల చప్పుడు. అత్తగారు మాత్రం మార్కెట్లో కూరలకు వెళ్లినట్టు తిరిగారు. ఒక ఇంటి ముందు వరసగా పెట్టిన సంచులు చూసి, లోపల పనిలో ఉన్న ఉస్తాగర్‌ను, అంటే దర్జీ పనివాళ్ల పెద్దను, "దాదా" అని పిలిచారు. ఆయన తల ఎత్తకుండానే భార్యకు సైగ చేశాడు. ఆవిడ తల మీద కొంగు సవరించుకుంటూ వచ్చి, ఒక సంచి తూచి ఇచ్చింది. నిండా నా వయసే ఉంటుంది. మాసిన మొహం, కళ్ల కింద నలుపు. సంచి మూతికి తాడు కట్టి ఉంది. విప్పి చూడమని నేను గొణిగాను. "తాడు తీస్తే మల్లీ ఎవులు కడతారు" అని అత్తగారు సంచి నెత్తిన పెట్టుకున్నారు.

ఇంటికొచ్చి విప్పితే పైన పీలికలున్నాయి. వాటి కింద మాత్రం పీలికలు లేవు. పసుపు మీద చిన్న చిన్న ఎర్ర పువ్వుల బట్ట, ఒకే తీరున కత్తిరించిన ముక్కలు, కట్టలు కట్టలుగా. అవి చిన్నపిల్లల గౌను చేతులు. నాకు క్రైస్తవ మిషన్ స్కూల్లో గౌన్ల కత్తిరింపు నేర్పారు కాబట్టి చూడగానే తెలిసింది. నాకు పట్టరాని సంతోషం కలిగింది. పుట్టబోయే బిడ్డకు గౌను కుట్టవచ్చు, చేతులు ఎలాగూ ఉన్నాయి అనుకుని జత కలపబోయాను. జత కలవలేదు. ఇంకోటి తీశాను. అదీ కలవలేదు. చంక దగ్గర ముందు వైపు ఎక్కువ లోతుగా, వెనక వైపు తక్కువగా కత్తిరిస్తారు. ఆ లోతును బట్టి ఏ చేతిదో తెలుస్తుంది. మంచం మీద వరసగా పరిచాను. పరిచే కొద్దీ నాకే బుర్ర తిరిగింది.

"అత్తయ్యా, ఇవన్నీ ఎడమ చేతులే."

ఆవిడ వచ్చి ఒక్కొక్కటీ తిప్పి చూశారు. "కుడిసెయ్యి ఒకటీ లేదేటి?"

"ఒక్కటి కూడా లేదు."

డ్యూటీ నుంచి వచ్చిన మా ఆయన, "తప్పు కత్తిరించి పారేసుంటారు. పీలికల్లో ఏం వస్తే అదే మనది" అన్నారు. నాకు అదే సబబుగా తోచింది. పక్కింటి బెంగాలీ బౌది, అంటే వదిన, మాత్రం కుడిచేతులు కొనేవాళ్లకు వేరే సంచి ఉంటుందేమో అంది. నవ్వులాటకు అందో నిజంగానే అందో తెలియలేదు. అత్తగారు భోజనం చేశారు, ప్రార్థన చేశారు, పడుకున్నారు. తెల్లారేసరికి ముక్కలన్నీ మళ్లీ కట్టలు కట్టి సంచిలో పెట్టి ఉన్నాయి.

"రా, ఇచ్చీసి వద్దాం" అన్నారు.

"డబ్బిచ్చి కొన్నాం కదా అత్తయ్యా. తూచి ఇచ్చారు."

"మనం పీలికలు కొన్నాం. సేతులు కొన్లేదు."

మళ్లీ లోకల్, మళ్లీ బస్సు, మళ్లీ పడవ. దారం ముక్క పారేస్తే ఊరుకోని మనిషి దారి ఖర్చు ఇలా రెండోసారి పెట్టడం చూసి, అసలు పొదుపంటే ఈవిడ దృష్టిలో ఏమిటా అని దారంతా ఆలోచించాను. ఏమీ తేలలేదు.

అవతల ఒడ్డున ఈసారి అత్తగారు కూడా దారి తప్పారు. ముందు రోజు గుమ్మం ముందు సంచులు ఉన్నాయి, అదే గుర్తు. ఈ రోజు ఏ గుమ్మం ముందూ సంచులు లేవు. అడిగిన ప్రతి ఇంట్లోనూ మాది కాదన్నారు. ఒకాయన మాత్రం సంచిలోకి తొంగి చూసి, "ఇక్కడ పెట్టి వెళ్లండి, ఎవరిదో నేను కనుక్కుంటాను" అన్నాడు. సంచి బరువుకు అత్తగారి మెడ నొప్పి పుట్టి ఉంటుంది. నేనైతే పెట్టేసేదాన్నే. ఆవిడ ఒక చేతి ముక్క తీసి చూపించి, "దీని జత సూపించు, ఇచ్చీస్తాను" అని ఆయనకు అర్థమయ్యే భాషలోనే అన్నారు. ఆయన లోపలికి వెళ్లిపోయాడు.

అలా తిరిగి తిరిగి ఒక మలుపు దగ్గర ఆగినప్పుడు, ఎదురింటి గుమ్మంలో నిలబడ్డ ఆడమనిషి మమ్మల్ని చూసి గట్టిగా ఏదో అరిచింది. ఆవిడే, ముందు రోజు సంచి తూచి ఇచ్చిన ఆవిడ. దొంగతనం అంటగడుతోందనుకున్నాను. ఇరుగుపొరుగు తలలు బయటికి వచ్చాయి. పోదాం పదండి అని అత్తగారి కొంగు లాగాను. ఆవిడ కదలలేదు, సంచి దించి నేల మీద పెట్టారు.

అరుపులు మా మీద కావని తెలియడానికి కాస్త సమయం పట్టింది. దర్జీ భార్య అరుస్తున్నది ఇంట్లోకి, మొగుడి మీద. ఉస్తాగర్ బయటికొచ్చి సంచి మూతి విప్పి చూసి, తల పట్టుకుని గడప మీద కూర్చున్నాడు. ఆవిడ కూడా పక్కనే కూలబడి ఏడవడం మొదలుపెట్టింది. అత్తగారు ఆవిడ పక్కన కూర్చుని అడిగి, విని, నాకు తెలుగులో చెప్పారు. గౌన్ల ముందు భాగాలు, వెనక భాగాలు, కుడిచేతులు అన్నీ లోపల ఉన్నాయి. ఎడమ చేతులు పోయాయి. సరుకు బజారుకు చేరాల్సిన రోజు దగ్గర పడింది. బట్ట అదే రంగుది ఇంక దొరకదు. పీలికల సంచి అనుకుని ఇచ్చింది ఆవిడే కాబట్టి ముందు రోజు నుంచి ఆయన ఆవిడతో మాట్లాడటం మానేశాడట.

"సంచిలో పెట్టింది ఆయనేనంట. తనకి సెప్పలేదంట. అదీ గొడవ" అన్నారు అత్తగారు.

లోపలికి తీసుకెళ్లి కూర్చోబెట్టారు. టీ ఇచ్చారు. ఉస్తాగర్ ఒక కొత్త సంచి తెచ్చి, రంగురంగుల పీలికలు చేత్తో ఏరి నింపుతున్నాడు. అత్తగారు ఊరికే తీసుకోనన్నారు. ఆయన ఇచ్చి తీరతానన్నాడు. ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. ఆ తర్వాత ఉస్తాగర్ భార్య అత్తగారిని పక్కకు పిలిచి, చేతులు పట్టుకుని మెల్లగా ఏదో చెప్పింది. అత్తగారు నా వైపు ఒకసారి చూశారు. నా పొట్ట వైపు చూశారనిపించింది. మళ్లీ ఆవిడ వైపు తిరిగి తల ఊపారు. ఏం ఒప్పుకున్నారో నాకు తెలియలేదు. పడవలో అడిగితే, "బొంత" అన్నారు. అంతే.

ఇంటికొచ్చిన దగ్గర నుంచి అత్తగారి తీరు మారింది. మెటియాబ్రుజ్ పీలికల సంచి అటక మీద పెట్టేశారు. క్వార్టర్స్‌లో ఇంటింటికీ తిరిగి పాత చీరలు అడగడం మొదలుపెట్టారు. అదీ అందరి ఇళ్లలో కాదు. చిన్నపిల్లలు ఆడుకుంటున్న ఇళ్లు చూసుకుని మరీ వెళ్లేవారు. తెలుగువాళ్ల ఇల్లు, బెంగాలీల ఇల్లు, బీహారీల ఇల్లు, తేడా లేదు. ఒక్కో ఇంటి నుంచి ఒక్కో ముక్క. వాటిని ఉతికి, ఎండబెట్టి, పొరలు పేర్చి, ఎంత సన్నటి కుట్టు వేశారంటే, అంతకు ముందు ఏ బొంతకూ ఆవిడ అలాంటి కుట్టు వేయడం నేను చూడలేదు. నాకు నెలలు నిండుతున్నాయి. బొంత చిన్నది, పసిబిడ్డకు సరిపోయేంత. నేను ఏమనుకున్నానో చెప్పనక్కర్లేదు. మధ్యాహ్నాలు ఆవిడ కుడుతుంటే పక్కన కూర్చుని దారాలకు కొవ్వొత్తి రుద్ది ఇచ్చేదాన్ని. మూలన ఒక చిన్న చేపను నేనే కుట్టాను. బాగా వచ్చిందని ఆవిడ అన్నారు.

బొంత పూర్తయిన మర్నాడు దాన్ని పాత దుప్పటిలో చుట్టి, "మెటియాబ్రుజ్ ఎల్లొస్తాను. నువ్వు రాకు, పడవ ఎక్కకూడదు" అన్నారు.

"అది మన బిడ్డకు కాదా అత్తయ్యా?"

ఆవిడ నిజంగా ఆశ్చర్యపోయారు. "నీకు సెప్పలేదేటి?"

"బొంత అన్నారు. ఎవరికో చెప్పలేదు."

అప్పుడు కూర్చుని చెప్పారు. ఆ దర్జీ భార్యకు ముందు పుట్టిన పిల్లలు దక్కలేదు. మళ్లీ కడుపుతో ఉంది. పిల్లలు బతికి బట్టకట్టిన ఇళ్ల నుంచి పాతబట్ట అడిగి తెచ్చి, దానితో కుట్టిన బొంతలో పడుకోబెడితే బిడ్డ దక్కుతుందని వాళ్లలో ఎవరో పెద్దావిడ చెప్పిందట. తను గడప దాటి ఇల్లిల్లూ తిరగడానికి లేదు. అందుకని అత్తగారిని అడిగింది.

మా నాన్న బడిపంతులు. తాయెత్తులు, దిష్టి, ఇలాంటివేవీ మా ఇంట్లో ఉండేవి కావు. అత్తగారు ఏనాడూ ప్రార్థన మానని మనిషి. నేను బొంత వైపు, ఆవిడ వైపు చూసి, "మీరు ఇది నమ్ముతారా?" అని అడిగాను.

"నమ్మకం ఆవిడిది. కుట్టు నాది" అన్నారు ఆవిడ. చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు.

ఆ రోజంతా నాకు ఏ పనీ సాగలేదు. బాధ పడాలో, సిగ్గు పడాలో, గర్వపడాలో తేల్చుకోలేకపోయాను. నేను కుట్టిన చేప కూడా వెళ్లిపోయిందని గుర్తొచ్చినప్పుడు మాత్రం ఏడ్చాను. అది ఏ రకం ఏడుపో ఇప్పుడు అడిగినా చెప్పలేను. సాయంత్రం తిరిగొచ్చి అత్తగారు అటక మీద సంచి దింపారు. మా అబ్బాయి పుట్టేలోగా ఆ పీలికలతో ఇంకో బొంత కుట్టారు. కుట్టు అంత సన్నం కాదు, రంగులు మాత్రం ఎక్కువ. పిల్లవాడు ఆ రంగుల మీదే పడుకుని పెరిగాడు. మెటియాబ్రుజ్‌లో ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్ల దక్కింది. ఆ కబురు అత్తగారే ఒకసారి పీలికలకు వెళ్లి తెచ్చారు. బొంత వల్లే అని ఆవిడ అనలేదు, కాదనీ అనలేదు.

తర్వాత ఏడాదికోసారి ఆవిడ అక్కడికి వెళ్లొచ్చేవారు. పిల్లవాడితో నాకు కుదిరేది కాదు. డెబ్బైల్లో అత్తగారు పోయారు. చలికాలం వస్తుందనగా, నాకు తోచి ఒకరోజు నేనే బయల్దేరాను. రేవులో దిగాక మామూలుగానే దారి తప్పి, అడుగుతూ అడుగుతూ ఆ గుమ్మం చేరుకున్నాను. తలుపు తీసిన పిల్ల బడి బట్టల్లో ఉంది. నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని వాళ్లమ్మ సందు చివరిదాకా చూసింది. నేను చెయ్యి పైకి చూపించి తల ఊపాను. ఆవిడకు అర్థమైంది. నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి మంచం మీద కూర్చోబెట్టింది.

తర్వాత మాట్లాడటం మొదలుపెట్టింది. నాకు వచ్చిన బెంగాలీ బజారు బెంగాలీ. ఆవిడ ఉర్దూ కలిపి గబగబా చెబుతోంది. అత్తగారి గురించే చెబుతోందని, ఆ రోజు గొడవ, ఆ బొంత, ఈ పిల్ల, అన్నీ తలుచుకుంటోందని అనుకున్నాను. నాకు కళ్లనిండా నీళ్లు వచ్చాయి. ప్రతి మాటకూ తల ఊపుతూ వచ్చాను. ఆవిడ ఆగి, అయోమయంగా నా వైపు చూసి, మళ్లీ అదే చెప్పింది. నేను మళ్లీ తల ఊపాను. చివరికి ఆ పిల్ల కల్పించుకుని, బడిలో నేర్చిన బెంగాలీలో నిదానంగా అంది:

"పీలికలు ఏ రంగువి కావాలని అమ్మ అడుగుతోంది. మీరు అన్నిటికీ అవునంటున్నారు."

ఏ రంగైనా ఫర్వాలేదన్నాను. వాళ్లిద్దరూ నేల మీద కూర్చుని ఏరడం మొదలుపెట్టారు. నేనూ వాళ్లతోపాటు కూర్చున్నాను.